పత్రికల సాక్ష్యము – కోలారు సీమ చరిత్ర

ఒక సీమ చరిత్రను వ్రాయబూనినవానికి శాసనములు, కైఫీయతులు, ప్రభుత్వ నివేదికలు ముఖ్యాధారములు. గడచిన రెండు శతాబ్దుల చరిత్రకు వీనితోపాటు పత్రికలును ఆధారములే. కోలారు జిల్లా విషయమున శాసనముల పని చాలవఱకు జరిగినది. బి. ఎల్. రైసు 1905లో ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదియవ సంపుటము ఈ జిల్లా శాసనములకే ప్రత్యేకింపబడినది. అందు తెలుగు శాసనములును పెక్కు కలవు. కాని శాసనములు వ్రాయించు రాజులు పోయిన తరువాతి కాలమునకు, అందును బంగారు గనులు పుట్టి పెరిగి 2001 ఫిబ్రవరి 28న మూతపడిన కాలమునకు, ఊరివారి పక్షమున సాక్ష్యము పలుకవలసినవి హెచ్చుగా పత్రికలే. ఆ సాక్షులను అడ్డుప్రశ్న లేకుండ నమ్ముట ప్రత్యేక సంచికలలో అలవాటైనది. ఈ అలవాటు ఎంత నష్టము కలిగించుచున్నదో కొన్ని ఉదాహరణముల వలన తేటపడును.

గనుల కథ ఎవ్వరు చెప్పినను ఒక పత్రికను పేర్కొనక మానరు. 1799లో టిప్పు సుల్తాను కూలిన పిమ్మట, మైసూరు రాజ్యపు తూర్పు పొలిమేరను కొలుచుటకు వచ్చిన లెఫ్టినెంటు జాన్ వారెను 1802లో ఉరిగాం, మారికుప్పం ప్రాంతములందు గ్రామస్థులు మట్టిని కడిగి బంగారు రేణువులు తీయుట చూచి, ఆ సంగతిని నివేదికగా వ్రాసెను. చాలకాలము గడచినది. న్యూజిలాండు యుద్ధములలో పనిచేసి బెంగుళూరు దండులో స్థిరపడిన లావెల్ అను ఐరిష్ సైనికుడు 1871లో 'ఏషియాటిక్ జర్నల్' అను పత్రికయందు 1804 నాటి నాలుగు పుటల వ్యాసమును చదివి, బంగారముపై మనసు నిలిపి, 1873లో మైసూరు ప్రభుత్వమును అనుమతి కోరెను. ఇదియే ప్రసిద్ధమైన కథ. పత్రికలలోను, ప్రత్యేక సంచికలలోను ఇది మాట మార్పు లేకుండ కనబడుచున్నది.

ఈ కథ మొదటికిని తుదికిని ఆక్షేపణ లేదు. నడుమనున్న పత్రిక పేరు మాత్రము నిలుచునది కాదు. లండను నగరమున 'ఏషియాటిక్ జర్నల్ అండ్ మంత్లీ రిజిస్టర్' అను మాసపత్రిక ప్రారంభమైనది 1816లో. పుట్టుటకు పండ్రెండేండ్లు ముందుగా ఒక పత్రిక వ్యాసమును ప్రకటింపజాలదు. 1804 నాటికి ఆ పేరును పోలిన ప్రచురణములు వేఱుగా కలవు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారి 'ఏషియాటిక్ రిసర్చెస్' 1788 నుండి వెలువడుచుండెను; లండనులో 'ఏషియాటిక్ యాన్యువల్ రిజిస్టర్' ఉండెను. కావున మూడు విధముల ఊహింపవచ్చును: వారెను వ్రాత 1804 నాటిదే అయినను చాల ఆలస్యముగా జర్నల్‌లో అచ్చయియుండవచ్చును, లేక 1804లోనే మఱియొక 'ఏషియాటిక్' ప్రచురణమున వచ్చియుండవచ్చును, లేదా లావెల్ కథను మొదట వ్రాసినవారు జ్ఞాపకమునుబట్టి వ్రాసి సంవత్సరమునో పేరునో తారుమారు చేసియుండవచ్చును. ఇందేది సత్యమో ఆ పుటను తెరచి చూచిన వాడే చెప్పగలడు. ఆ పుటను పేర్కొనిన వారిలో పుట సంఖ్య ఇచ్చినవారు అరుదు. చదివి వ్రాసినవాడు పుట సంఖ్య ఇచ్చును. విని వ్రాసినవాడు 'నాలుగు పుటలు' అని ఊరకుండును.

ఇది చిన్న దోషమని కొందఱు తలంపవచ్చును. వ్యాసము ఎచ్చట అచ్చయినదో తెలియనిదే ఎవరిని ఉద్దేశించి అచ్చయినదో తెలియదు. పండితసంఘపు సంపుటమైనచో దాని పాఠకులు శాస్త్రాసక్తి గలవారు. 1816 తరువాతి మాసపత్రికయైనచో కుంపిణీ ఉద్యోగులు, ఉద్యోగార్థులు, సీమలో కూర్చుండి హిందూదేశమున డబ్బు పెట్టదలచినవారు. ఒకే నివేదిక మొదటివారికి భూగర్భ విశేషము, రెండవవారికి లాభసూచన. మట్టి కడిగిన వారెవరు, ఏ భాష మాటలాడిరి, తీసిన బంగారములో వారికి మిగిలినదెంత అను ప్రశ్నలు ఈ ఇరు తెగల పాఠకులకును ముఖ్యములు గావు. అట్టి పత్రికలో తెలుగువాని జాడ లేదని ఇచ్చట తెలుగువాడే లేడని తేల్చుట పొరపాటు. ప్రసంగవశమున ఒక మాట: ఈ వారెనే తరువాత మద్రాసు నక్షత్రశాలలో పనిచేసి, హిందూదేశపు కాలగణన పద్ధతులను గూర్చి 'కాలసంకలిత' అను గ్రంథమును 1825లో ప్రకటించెను. తిథివారనక్షత్రములను అంత శ్రద్ధతో లెక్కించినవాని వ్రాతకే నేటివారు తేదీ సరిగా చెప్పలేకుండుట వింత.

రెండవ ఉదాహరణము విద్యుత్తునకు సంబంధించినది. దేశమున మొట్టమొదట విద్యుద్దీపములు వెలిగినది కోలారు బంగారు గనులలోనే అనియు, ఆసియాఖండమున టోకియో తరువాత ఇదియే రెండవదనియు పత్రికలు పలుమాఱు వ్రాసినవి. 2018లో 'కె.జి.ఎఫ్.' చలనచిత్రము వచ్చిన పిమ్మట ఈ మాట మఱింత వ్యాపించినది. శివసముద్రము జలపాతమునుండి గనులకు విద్యుత్తు వచ్చినది 1902లో. దార్జిలింగులో సిద్రపాంగ్ జలవిద్యుత్కేంద్రము 1897లో పని మొదలుపెట్టెను. కలకత్తా నగరమున 1899 నుండి విద్యుత్తు సరఫరా అగుచుండెను. కావున 'దేశమున మొదట' అనుమాట నిలువదు. టోకియో తరువాతిదనుటకు ఆధారము చూపినవారు కానరారు.

ఇందు గమనింపవలసినది మఱియొకటి కలదు. ఈ అతిశయోక్తి కారణముగా నిజమైన ఘనత మఱుగుపడినది. శివసముద్రమునుండి గనులవఱకు సుమారు 92 మైళ్లు. అంత దూరము తీగలపై విద్యుత్తును కొనిపోవుట ఆ కాలమున ప్రపంచమందే మిక్కిలి అరుదు. దివాను శేషాద్రి అయ్యరు కాలమున తలపెట్టిన ఆ పని బెంగుళూరు వీధిదీపములకంటె మూడేండ్లు ముందుగా గనుల యంత్రములను నడిపెను. ఇట్లు చెప్పినచో ఏ పరిశోధకుడును కాదనలేడు. 'మొదటిది' అను పదమునకు పత్రికాఫీసులలో ఉన్న మోజు ఇంతటి పనిని పుకారు స్థితికి దింపినది. ఆ దీపములు మొదట ఎవరి బంగళాలలో వెలిగెను, కూలిలైన్లకు ఎన్నడు వచ్చెను అను ప్రశ్నను వేసిన పత్రికను మాత్రము వెదకవలసియున్నది. అట్టి పత్రిక దొరకినచో 'మొదటిది' అని చాటిన నూఱు సంచికలకంటె అది విలువైనది.

పత్రికలలోని స్థలనామములు గూడ పరీక్షింపదగినవి. 'కోలారు' అను మాటకు వార్తలలో మూడర్థములు కలవు: కోలారు పట్టణము, కోలారు జిల్లా, బంగారు గనులు. పట్టణమునకును గనులకును నడుమ సుమారు ఇరువది మైళ్ల దూరము. పట్టణపు వీధులలో కన్నడమును తెలుగును ఉర్దూయు వినబడును. గనులలో అరవము హెచ్చు. జిల్లా పల్లెలలో, ముఖ్యముగా తూర్పు ఉత్తర భాగములందు, తెలుగు హెచ్చు. 'కోలారులో ఫలానా భాషవారే అధికులు' అని వ్రాసిన పత్రిక ఏ కోలారును ఉద్దేశించినదో తెలియక ఆ వాక్యమును ఎత్తి వ్రాయుట ప్రమాదకరము. ఒకే అబద్ధము మూడు విధముల నిజము వలె కనబడును.

గనుల పేర్లు ఇంకను చిక్కు కలిగించును. మైసూరు గని, నందిదుర్గము గని, ఛాంపియన్ రీఫ్ గని, ఉరిగాం గని అన్నియు కోలారు గనులే. నందిదుర్గము గనికిని నంది కొండకును సంబంధము పేరువఱకే. దూరదేశపు పత్రిక 'మైసూరులో ప్రమాదము' అని వ్రాసినచో అది మైసూరు నగరమున జరిగినది గాక, మారికుప్పమునొద్ద నేలక్రింద జరిగినది కావచ్చును. బంగారుపేట పాతసంచికలలో బౌరింగుపేటగా కనబడును. 2007లో చిక్కబళ్లాపురము వేఱు జిల్లాగా ఏర్పడినది. బాగేపల్లి, గుడిబండ, గౌరిబిదనూరు, చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్లాపురము తాలూకాలు కోలారును విడిచినవి. కావున 2007కు ముందు పత్రికలోని 'కోలారు జిల్లా' అంకెను తరువాతి అంకెతో పోల్చి, తెలుగువారు ఇంతగా తగ్గిరని కన్నీరు పెట్టుకొనుట అవివేకము. తెలుగు పల్లెలు ఎక్కడికిని పోలేదు, సరిహద్దు జరిగినది.

పొరుగు రాష్ట్రపు సరిహద్దు కథ ఇంతకంటె ముఖ్యము. గనులలోనికి కూలివాండ్రు ఉత్తర ఆర్కాటు నుండి వచ్చిరని పాత పత్రికలును నివేదికలును చెప్పును. ఈ వాక్యమును చదివి, గనులకు వచ్చినవారందఱును అరవవారేయని నిశ్చయించినవారు కలరు. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. అంతకుముందు చిత్తూరు, పలమనేరు, పుంగనూరు మొదలగునవి ఉత్తర ఆర్కాటులోనివే. గనులకు పలమనేరు సీమ ఎంత చేరువయో ఆ దారిన నడచిన వారికి చెప్పనక్కఱలేదు. కావున 1911కు ముందు 'ఉత్తర ఆర్కాటు కూలి' అరవవాడు కావచ్చును, తెలుగువాడు కావచ్చును. గనులలో అరవవారే అధికసంఖ్యాకులనుట సత్యమే. దానిని కాదనుట ఇచ్చటి ఉద్దేశము గాదు. జిల్లా పేరునుబట్టి భాషను నిర్ణయించుట మాత్రము తప్పు. ఈ యొక్క తప్పు వలన ఒక తరము తెలుగు కూలివాండ్రు చరిత్రనుండి జారిపోయిరి.

ఇక దృక్పథముల విషయము. గనులను గూర్చి వ్రాసిన పత్రికలు ఒక్క తెగవి కావు. 1835 నుండి లండనులో వెలువడిన 'మైనింగ్ జర్నల్' వంటివి వాటాదారులకు చదువు చెప్పు పత్రికలు. అవి టన్నుకు ఎన్ని ఔన్సులు వచ్చెను, ఎన్ని అడుగుల లోతు త్రవ్విరి, పంచిన లాభమెంత అను విషయములను శ్రద్ధతో వ్రాయును. తప్పు అంకె వలన సొమ్ము పోగొట్టుకొను పాఠకులు వానికి కలరు గనుక ఉత్పత్తి అంకెలలో అవి నమ్మదగినవి. కాని రాబోవు లాభమును గూర్చి అవి చెప్పు మాట నమ్మరాదు. 1880 ప్రాంతమున వైనాడు బంగారమును గూర్చి లండనులో ఎంత సంరంభము చెలరేగెనో, కంపెనీలు ఎన్ని పుట్టి ఎన్ని మునిగెనో లోకవిదితము. ఆ సంరంభమునకు అచ్చుయంత్రములు చేసిన సాయము తక్కువది గాదు. ఒకే పత్రిక ఒక పుటలో ప్రమాణమును, మఱియొక పుటలో ప్రలోభమును కావచ్చును. పత్రికకంతకు ఒక్క మార్కు వేసి నమ్మదగినదనియో తగనిదనియో తీర్పు చెప్పు పద్ధతి ఇచ్చట పనికిరాదు.

వాటాదారుల పత్రికలకు నేలక్రింది మనిషి అంకెగానే కనబడును. వానిని మనిషిగా చూచిన పత్రికను వెదకినచో అరవములో దొరకును. అయోతి దాస పండితులు 1907లో మద్రాసున 'ఒరు పైసా తమిళన్' అను వారపత్రికను స్థాపించిరి. తరువాత అది 'తమిళన్' అను పేర నడచినది. వారి బౌద్ధసంఘపు శాఖ మారికుప్పమునందు బలముగా నుండెను. 1914లో పండితులు గతించిరి. 1920ల నడుమనుండి జి. అప్పాదురైయార్ సంపాదకత్వమున ఆ పత్రిక కోలారు గనులనుండియే వెలువడినది. అంటరానివారుగా త్రోసివేయబడిన జనులు గనులలో కూలిడబ్బుతో పత్రిక నడపి, గ్రంథములు అచ్చువేసి, తమ చరిత్రను తామే వ్రాసికొనిరి. కోలారు సీమ పత్రికారచనలో ఇంతకు మించిన ఘట్టము లేదు. ఇది మతప్రచారము గల పత్రిక. వాదము దాని ప్రాణము. అంతమాత్రమున దానిని పక్షపాతమని త్రోసివేయుటయు, అరవము రాదని చూడకుండుటయు రెండును తగనివి. బౌద్ధమును గూర్చి ఆ పత్రిక చేయు సిద్ధాంతములకు వేఱు ప్రమాణములు కావలెను. కాని సంఘపు సభ ఎన్నడు జరిగెను, బడి ఎచ్చట తెఱచిరి, చందా ఎవ్వరిచ్చిరి అను విషయములలో దానికంటె దగ్గఱి సాక్షి లేడు. గనుల తెలుగువారి చరిత్ర వ్రాయువాడు గూడ అరవము నేర్చుట, లేదా నేర్చినవారిని ఆశ్రయించుట తప్పదు. పొరుగువాని లెక్కపుస్తకములో తన వారి పేర్లుండును.

దృక్పథభేదము తెలుగు పాఠకునకు క్రొత్తదేమియు గాదు. కొక్కొండ వేంకటరత్నము పంతులు 1871లో మొదలుపెట్టిన 'ఆంధ్రభాషాసంజీవని'ని, కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో మొదలుపెట్టిన 'వివేకవర్ధని'ని ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారికి, ఒకే సంగతి రెండు చోట్ల రెండు రూపములు ఎట్లు దాల్చునో తెలియును. ఒకదానినే చదివి ఆ కాలపు తెలుగు సంఘమును వర్ణించినవాడు సగము సంఘమునే చూచినవాడగును. కోలారు విషయమున ఈ రెండవ పత్రిక సాధారణముగా వేఱొక భాషలో నుండును. చిక్కంతయు నదియే.

పత్రికల మౌనమును గూడ చదువవలెను. మైసూరు సంస్థానమున 1908 నాటి పత్రికా శాసనము క్రింద ప్రభుత్వపు అనుమతి లేనిదే పత్రిక నడపరాదు; దానికి నిరసనగా ఎం. వేంకటకృష్ణయ్యగారు తమ పత్రికలను నిలిపివేసిరి. కోలారు జిల్లా ముళబాగిలున జన్మించిన డి. వి. గుండప్పగారు 1913లో 'కర్ణాటక' అను ఇంగ్లీషు పత్రికను ఈ నియమముల నడుమనే ప్రారంభించిరి. గనులు సంస్థానపు నేలపై నుండెను. వానిని నడపినది ఇంగ్లీషు కంపెనీ. వార్త అచ్చగు మద్రాసు బ్రిటిషు ప్రభుత్వపు క్రిందిది. ఒకే ప్రమాదవార్త సంస్థానపు పత్రికలో రెండు పంక్తులుగాను మద్రాసు పత్రికలో రెండు కాలములుగాను కనబడినచో, రెండవవాడు అతిశయోక్తి చేసెననుటకు ముందు మొదటివానికి ఎంత స్వేచ్ఛ కలదో విచారింపవలెను.

1930 ఏప్రిలులో గనుల కార్మికులు వ్రేలిముద్రల నమోదును ప్రతిఘటించి సమ్మె చేసిరి. ఆ సమ్మెకు తెలుగు పత్రికలలో ఎంత చోటు దొరకినదో చూడబోవువాడు పంచాంగమును గూడ చేత బట్టుకొనవలెను. ఆ నెల ఆరవ తేదీననే దండి సముద్రతీరమున ఉప్పు తీసిరి. ఆంధ్రదేశమంతయు ఉప్పు సత్యాగ్రహమున మునిగియుండెను. ఆ నెల 27న పత్రికలపై ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసెను. కొన్ని పత్రికలు మూతపడినవి. ఇట్టి నెలలో గనుల సమ్మె వార్త ఒక మూలకు ఒదిగినను, అసలు రాకున్నను, తెలుగు సంపాదకులకు కూలివాని యెడల ఉపేక్ష అని వెంటనే అనరాదు. ఉపేక్ష లేదనియు అనరాదు. అంతకుముందు నెలలలోను, తరువాతి సంవత్సరములలోను అదే పత్రిక గనులను గూర్చి ఏమి వ్రాసెనో చూచి నిర్ణయింపవలెను.

ఇట్టి మౌనమును తప్పుగా చదివిన ఫలితము హైదరాబాదు సంస్థానమున కనబడినది. నిజాము రాజ్యమున తెలుగు కవులే లేరను మాటకు ప్రత్యుత్తరముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించి 354 మంది కవులను చూపిరి. కవులుండిరి, వారిని అచ్చువేయు పత్రికలు లేకుండెను. కోలారు సీమ స్థితియు నట్టిదే. కోస్తా సంపాదకునకు కైవారము దూరము. మైసూరు సంపాదకునకు తెలుగు దూరము. కైవారము నారాయణ యతీంద్రులు తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పిరి. వారి జీవితకాలము 1726 నుండి 1836 వఱకని సంప్రదాయము, నూటపది సంవత్సరములు. ఆ తేదీలను అచ్చువేసిన పత్రిక సంప్రదాయము ఉన్నదనుటకు సాక్షి. జననమరణములకు సాక్షి కాదు. ఈ భేదమును పాటించుట భక్తికి లోపము గాదు.

తేదీల ప్రస్తావన వచ్చినది గనుక మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి జన్మసంవత్సరమును విచారింపవచ్చును. వారు జన్మించిన ముద్దేనహళ్లి నాడు కోలారు జిల్లాలోనిది. సెప్టెంబరు 15 అనుటలో భేదము లేదు. సంవత్సరము 1860 అని కొందఱును, 1861 అని కొందఱును వ్రాయుదురు. 1960 సెప్టెంబరు 15న తపాలాశాఖ శతజయంతి బిళ్లను విడుదల చేసెను. నాటి శతజయంతి లెక్క 1860ననుసరించినది. మఱికొన్ని చోట్ల 1861 అని కలదు. ఏది సరియో తేల్చుటకు ప్రత్యేక సంచికలను లెక్కపెట్టుట వలన లాభము లేదు. శతజయంతి సంచికలు నూఱున్నను, అవన్నియు ఒకే ప్రకటనను అనుసరించినచో, సాక్షి ఒక్కడే. శతజయంతి తలంపే పుట్టకముందు, ఆయన ఉద్యోగమున చేరినప్పుడో, చదువుకొనునప్పుడో వ్రాయబడిన కాగితము ఒక్కటి దొరకినచో ఆ నూఱింటికంటె బలవత్తరము. వేడుకకు ముందటి సాక్ష్యము, వేడుకలో పుట్టిన సాక్ష్యము ఒక్క త్రాసున తూగవు.

పాత తెలుగు పత్రికలలో సంవత్సరనామములు మఱియొక చిక్కు. చింపిన పుటపై 'సాధారణ' అని మాత్రమే ఉన్నచో అది 1850 కావచ్చును, 1910 కావచ్చును, 1970 కావచ్చును. అచ్చు అక్షరముల తీరు, కాగితము, ప్రకటనలలోని ధరలు చూచి నిర్ణయింపవలెను. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసముల వార్తలు ఇంగ్లీషు లెక్కకు హెచ్చుభాగము తరువాతి సంవత్సరమున పడును. దీనిని మఱచినవారి వ్యాసములలో సమ్మెలు, వరదలు ఒక సంవత్సరము ముందుగానే జరిగిపోవుచున్నవి.

భాషారాష్ట్రముల కాలమునాటి పత్రికలను మిక్కిలి జాగ్రత్తతో చదువవలెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్లారి తాలూకా మైసూరులో చేరినది. అటుపిమ్మట రెండు మూడేండ్లు తెలుగు పత్రికలును కన్నడ పత్రికలును కోలారు విషయమున తమ తమ వాదములు వినిపించినవి. 1955 నాటి రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము జిల్లాలో తెలుగు మాటలాడువారి ఆధిక్యమును గుర్తించియు, జిల్లాను కర్ణాటకమునందే ఉంచవలెనని అభిప్రాయపడినది. ఆ కాలమున ఇరుపక్షముల వ్రాతలును వకీళ్ల వాదములవంటివి. వాదములో వచ్చిన అంకెను 1951 జనాభా లెక్కలతో సరిచూడక వాడరాదు. జనాభా లెక్కయు మాతృభాషను అడుగును గాని, బడిలో ఏ లిపి నేర్చిరో అడుగదు. ఇంట తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండును – ఇది ఈ జిల్లాలో వేలకొలది కుటుంబముల స్థితి. వీరిని ఏదో యొక గడిలో పెట్టుట పత్రికకు సులభము.

దీనివలన కలుగు నష్టము పుస్తకములతో ఆగదు. తెలుగు బడికై, తెలుగు ఉపాధ్యాయునికై అర్జీ వ్రాయువారు ఇట్టి అంకెలనే ఎత్తి చూపుదురు. అధికారి ఒక్క అంకెను తప్పని నిరూపించినచో, దానితోపాటు న్యాయమైన కోరికయు చెత్తబుట్టలో పడును. 1982 ప్రాంతమున గోకాక్ నివేదికపై ఉద్యమము నడచినప్పుడు ఇరుభాషల పత్రికలు వ్రాసిన వ్రాతలను నేడు చదువువారు, ఏది వార్త, ఏది ఉపన్యాసపు సారాంశము, ఏది సంపాదకుని ఆవేశము అని విడదీసికొని చదువుట తమ మేలునకే.

మద్రాసు ప్రభుత్వము దేశభాషా పత్రికలనుండి సారాంశములు ఇంగ్లీషులోనికి త్రిప్పించి వారము వారము నివేదికలుగా ముద్రించుకొనెడిది. మూలసంచికలు నశించిన చోట ఈ నివేదికలే దిక్కు. కాని ప్రభుత్వమునకు భయము గొల్పిన వ్రాతలనే అనువాదకుడు ఏరును. పద్యములు, పుస్తక సమీక్షలు, ధరలు, పెండ్లి వార్తలు అతనికి అక్కఱలేదు. ఆ నివేదికలనే నమ్మినవానికి తెలుగు సంపాదకులందఱును పగలు రాత్రి ప్రభుత్వమును తిట్టుచు కాలము గడిపిరని తోచును. నేడు ప్రెస్ అకాడమీ వంటి సంస్థలు పాత సంచికల ఛాయాచిత్రములను అంతర్జాలమున ఉంచినవి. వేటపాలెము సారస్వత నికేతనమున మూలసంచికలు కలవు. ఇది పూర్వపు పరిశోధకులకు లేని భాగ్యము. అయినను అంతర్జాలపు జాబితాలలో పేరొకటి లోపలి పుస్తకమొకటిగా ఉండుట తఱచు. మొదటి పుటను చూడక తేదీ వ్రాసికొనరాదు.

ఏ పత్రికలోనైనను మిక్కిలి నమ్మదగిన భాగములు ఎవ్వరును చదువని భాగములు. చందాదారుల పట్టిక, పరీక్షాఫలితములు, రైలువేళలు, నాటక ప్రకటనలు, ఔషధముల ధరలు – వీనిలో సంపాదకుని దృక్పథమునకు చోటు తక్కువ. రాబర్ట్‌సన్‌పేట చిరునామాతో ఒక తెలుగు మాసపత్రికకు చందా కట్టినవాని పేరు కనబడినచో, గనులలో తెలుగు చదువరి ఉండెననుటకు అది ఏ సంపాదకీయమునకును తీసిపోని ఆధారము. 'ఆంధ్రపత్రిక' ఉగాది సంచికలు, 'భారతి' సంపుటములు చూచువారు వ్యాసములను ఎత్తి వ్రాసికొని, వెనుక అట్టలను విడిచిపెట్టుదురు. గ్రంథాలయములలో బైండు చేయువారు ఆ అట్టలను ప్రకటనలతో సహా చింపివేయుటయు కలదు. ఎంత చరిత్ర అట్లు చిత్తుకాగితములలో పోయినదో.

ఇక సంఘములవారి ప్రత్యేక సంచికలు. ఇవి ప్రకటనదారుల సొమ్ముతోను, సభ్యుల అభిమానముతోను వెలువడును. అధ్యక్షుని జీవితచరిత్రలో దోషము వ్రాయుట వానికి కుదరని పని. కాని సంఘము ఏ యేట ఏ నాటకమాడినది, ఎవ్వరు వేషము వేసిరి, ఏ గ్రంథాలయమునకు ఎన్ని పుస్తకములిచ్చిరి అను వివరములు మఱియెచ్చటను దొరకవు. పొగడ్తను విడిచి పట్టికలను గ్రహించినచో ప్రత్యేక సంచిక మంచి ఆధారమే. గనులు మూతపడిన పిమ్మట కుటుంబములు బెంగుళూరునకును ఇతర పట్టణములకును తరలిపోయినవి. అట్టి సంచికలు అటకలపైనుండి తూకమునకు పోవుచున్నవి. ఛాంపియన్ రీఫ్‌లోను, ఆండర్సన్‌పేటలోను, మారికుప్పములోను తెలుగు, అరవము, కన్నడము, ఇంగ్లీషు అను భేదము లేకుండ ఇంటింట మిగిలిన సంచికలకు పేరు, తేదీ, పుటల సంఖ్యతో ఒక పట్టిక వ్రాయుట ఏ సంఘమైనను ఒక వేసవి సెలవులలో చేయదగిన పని. వారెను వ్యాసము మొదట ఏ పత్రికలో, ఏ సంవత్సరమున, ఏ పుటలలో అచ్చయినదో ఆ పట్టిక మొదటి పంక్తిలో చేర్చవలసియున్నది.